రాకెట్‌ నీడలో... ఒక అరుదైన అడవి!

శ్రీహరికోట నుంచి రాకెట్‌ ఎగురుతుంటే టీవీలో అందరం పైకే చూస్తాం. ఈసారి ఒక్కక్షణం కిందికి చూడండి. ప్రయోగ వేదిక చుట్టూ సముద్రం దాకా ముదురాకుపచ్చ రంగు పరుచుకుని కనిపిస్తుంది. అది పెంచిన తోట కాదు. చాలామటుకు సహజంగా పెరిగిన అడవి. దేశంలో ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మాత్రమే మిగిలిన ఒక అరుదైన రకం అడవికి ఈ దీవి పెద్ద ఆశ్రయం.

శాస్త్రవేత్తలు దాన్ని ‘ఉష్ణమండల శుష్క సతత హరితారణ్యం’ అంటారు. పేరులోనే చిక్కుముడి ఉంది. శుష్కమంటే ఎండు. సతత హరితమంటే ఏడాదంతా పచ్చగా ఉండేది. ఆ రెండూ కలవడమేంటి? నెల్లూరు తీరంలో వానలన్నీ దాదాపు ఒక్కసారే వస్తాయి. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి చినుకుండదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ. అయినా ఇక్కడి పాల, అల్లి, నేరేడు చెట్లు ఆకు రాల్చి మోడుగా నిలబడవు. చిన్నగా, దళసరిగా, నిగనిగలాడే ఆకులతో నీటిని పొదుపుగా వాడుకుంటూ వేసవి దాటేస్తాయి. వాటి మధ్య ముష్టి చెట్లు, కలివి పొదలు, పేము తీగలు. రాత్రిళ్లు కొమ్మల మీద గుండ్రటి కళ్లేసుకుని తిరిగే దేవాంగపిల్లులు. ఒకప్పుడు తమిళనాడు దక్షిణ తీరం నుంచి విశాఖ వైపు దాకా అక్కడక్కడా ఉన్న అడవి ఇదే.

గాలికి విరిగినా... గొడ్డలికి తెగినా

ఈ అడవి సుఖపడి పెరిగిందేం కాదు. నెల్లూరు తీరానికి తుపాన్లు చుట్టాలు. 1927 నవంబరులో నెల్లూరును ఊపేసిన తుపాను, 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గరే తీరం దాటిన తుపాను, 1989 నవంబరులో కావలి మీద విరుచుకుపడ్డ పెను తుపాను... పెద్దవాళ్లు ఇప్పటికీ వాటి పేరు చెప్పి ఏళ్లు లెక్కేస్తారు. 2023 డిసెంబరులో మిచౌంగ్‌ ఈ తీరాన్ని ఒరుసుకుంటూ వెళ్లి బాపట్ల దగ్గర ఒడ్డుకు చేరింది.

గాలి కన్నా ముందే గొడ్డలీ వచ్చింది. బ్రిటిష్‌వాళ్ల కాలంలో మద్రాసు పొయ్యిల్లోకి శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో వెళ్లేవి. అంతలా నరికితే అడవి ఎప్పుడో మాయం కావాలి. కాలేదు. ఎందుకంటే ఈ చెట్లలో చాలావాటికి మొదలే ప్రాణం. కాండం తెగినా వేరు బతికుంటే చాలు, మోడు పక్క నుంచి గుత్తులుగా పిలకలేస్తాయి. కొన్నేళ్లు ముట్టుకోకుండా వదిలేస్తే మళ్లీ గుబురవుతాయి.

అడవుల మీద పరిశోధనలు చేసేవాళ్లు గాలి, గొడ్డలి, నిప్పు, మేత, వరద... వీటన్నిటినీ కలిపి ‘అలజడి’ కింద లెక్కేస్తారు. అడవంటే ఒకసారి గీసిన బొమ్మ కాదనీ, ప్రతి అలజడి తర్వాతా అది కొత్తగా తయారవుతుందనీ వాళ్లంటారు. అసలు ప్రశ్న అలజడి వచ్చిందా లేదా అని కాదు. ఎలాంటిది వచ్చింది, మళ్లీ వచ్చేలోపు అడవికి ఎంత గడువిచ్చింది అన్నదే!

కొండకో మంట... కోనకో మంట

నిప్పు సంగతికొద్దాం. నెల్లూరుకు పడమట వెలిగొండలున్నాయి. అక్కడివి ఆకురాల్చే అడవులు. ఎర్రచందనం పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే. ఫిబ్రవరి వచ్చేసరికి నేలంతా ఎండుటాకులు, ఎండు గడ్డి. ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో శేషాచలం అడవులు తగలబడినప్పుడు తిరుమల కొండల మీద వాయుసేన హెలికాప్టర్లతో నీళ్లు చల్లాల్సి వచ్చింది. మన దగ్గర అడవి మంటల్లో అత్యధికం మనుషుల చేతుల మీదుగా మొదలయ్యేవే. అయితే ఆకురాల్చే అడవిలో పెద్ద చెట్లు నేల మీద పాకే చిన్న మంటను చాలావరకూ తట్టుకుంటాయి. నష్టపోయేది మొలకలు, లేత మొక్కలు. ఏటా కాలితే పాత చెట్టు పోయినచోట నిలబడే పిల్లచెట్టు ఉండదు.

కొన్ని అడవులైతే మంటకు ముందే సిద్ధపడి ఉంటాయి. అమెరికాలోని ఎల్లోస్టోన్‌ పార్కు 1988లో మూడో వంతుకు పైగా మంటల పాలైంది. కానీ అక్కడి లాడ్జ్‌పోల్‌ పైన్‌ చెట్లలో చాలావాటి కాయలు జిగురుతో మూసుకుపోయి ఉంటాయి. వేడికి జిగురు కరిగి గింజలు రాలతాయి. బూడిదలోనే కొత్త అడవి మొలిచింది.

మన తీరపు అడవికి ఆ విద్య రాదు. గాలిని, గొడ్డలిని తట్టుకోవడమే దానికి తెలుసు. పండ్లను పక్షులు, గబ్బిలాలు, పునుగుపిల్లులు తిని విత్తనాలు చల్లాలి. మొలకకు నీడ కావాలి. గుబురుగా ఉన్నంతకాలం లోపల చల్లదనం, తేమ ఉంటాయి కాబట్టి నిప్పు అంత తేలిగ్గా చొరబడలేదు. చిక్కంతా గుబురు పలచబడినప్పుడే. ఎండ నేలను తాకుతుంది. గడ్డి మొలుస్తుంది. వేసవికి ఎండుతుంది. ఆ గడ్డే నిప్పుకు దారి. ఒకసారి కాలిన చోట మరింత గడ్డి... మరుసటేడు మరింత మంట. దానికి తోడు పశువుల మేత. దీవిలో ఊళ్లు ఖాళీ అయినప్పుడు మిగిలిపోయిన పశువులే తరాలు గడిచి అడవి పశువులైపోయాయి. అవి చిగుళ్లను కొరికేస్తే పిలక చెట్టయ్యేదెప్పుడు? అలా కొన్నాళ్లకు పచ్చటి అడవి కాస్తా ముళ్లపొదల బీడుగా మిగులుతుంది.

పచ్చనిదంతా అడవేనా?

తీరం వెంట వెళ్తుంటే ఎక్కువగా కనిపించేది సరుగుడు. ఇది ఇక్కడి చెట్టు కాదు. 1860ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో రైలింజన్ల కట్టెల కోసం దీని తోటలు వేయడం మొదలుపెట్టారు. ఇసుక నేలలోనూ పెరుగుతుంది, నాలుగైదేళ్లలో కోతకొస్తుంది. కాగితపు మిల్లులకు, ఇళ్ల సెంట్రింగుకు అమ్ముడుపోతుంది. ఎందరో రైతులకు అదే ఆసరా. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత అలల ధాటిని ఆపుతుందని తీరంలో ఇంకా నాటారు. కానీ సహజమైన ఇసుక దిబ్బల మీద, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట ఇలా నాటడం మంచిదేనా అని పర్యావరణవేత్తలు అప్పుడే ప్రశ్నించారు. దిబ్బే ఒక గోడ. దాన్ని పట్టుంచేది రావణాసురుడి మీసాల గడ్డి, మొగలి పొదలే.

పైగా సరుగుడు కింద ఎండిన పుల్లలు మెత్తలా పరుచుకుంటాయి. దాని కింద మరో మొక్క లేవడం కష్టం, వేసవిలో నిప్పంటుకోవడం సులువు. పాలచెట్టులా మోడు నుంచి మళ్లీ గుబురుగా లేవదు, కొట్టేస్తే కొత్తగా నాటుకోవాల్సిందే. ఇక సర్కారు తుమ్మ. దాన్ని 1870ల్లో కడప జిల్లా కమలాపురం ప్రాంతానికి తెచ్చారు. కాయలు తిన్న పశువులు గింజల్ని ఊరూరా మోశాయి. ఇప్పుడు ఏ నేల ఖాళీ అయినా ముందుగా వచ్చి కూర్చునేది అదే. బొగ్గుకు, వంటచెరకుకు పనికొస్తుంది నిజమే. కానీ అల్లి, నేరేడు ఉండాల్సిన చోటు దాని పాలవుతోంది.

ఆకాశం నుంచి చూపు... నేల మీద లెక్క

దేశంలో అడవి మంటల్ని 2004 నుంచి ఉపగ్రహాల సమాచారంతో ఫారెస్ట్‌ సర్వే ఆఫ్‌ ఇండియా గుర్తించి రాష్ట్రాలకు హెచ్చరికలు పంపుతోంది. హైదరాబాద్‌లోని నేషనల్‌ రిమోట్‌ సెన్సింగ్‌ సెంటర్‌ కాలిన అడవుల పటాలు తయారుచేస్తుంది. అందుకు వాడే రిసోర్స్‌శాట్‌-2 ఉపగ్రహం 2011 ఏప్రిల్‌లో ఎగిరింది శ్రీహరికోట నుంచే!

అయితే మంట ఎక్కడుందో పైనుంచి తెలిసినంత తేలిగ్గా, ఆ తర్వాత ఏ మొక్క లేచిందో తెలియదు. దానికి మనిషి నేల మీద నడవాలి. బెంగళూరులోని ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సైన్స్‌ పరిశోధకులు తమిళనాడులోని ముదుమలైలో 1988 నుంచి 50 హెక్టార్ల అడవిలో సెంటీమీటరు మందమున్న మొక్క మొదలుకొని ప్రతిదానికీ నంబరిచ్చి లెక్కిస్తున్నారు. నిప్పు దేన్ని చంపింది, దేన్ని వదిలింది అన్నది అలాంటి ఓపికతోనే తేలుతుంది.

అలాంటి చదువు పుస్తకాల్లో లేకుండానే ఒంటబట్టించుకున్నవాళ్లు ఇక్కడ యానాదులు. ఏ తీగకు ఏ గుణముందో, తేనె ఎప్పుడొస్తుందో, ఏ పండు ఎవరు తింటారో తరతరాలుగా తెలిసినవాళ్లు. రాకెట్‌ కేంద్రం వచ్చాక వాళ్లలో చాలా కుటుంబాలు దీవి దాటి రావాల్సి వచ్చింది. అడవి మాత్రం కాపలా పుణ్యమా అని మిగిలింది. ఇందులో ఒకరి నష్టమూ ఉంది, మరొకదాని బతుకూ ఉంది. ఆ తెలివిని అడవి పనుల్లోకి మళ్లీ పిలవడం ఇప్పటికైనా మించిపోలేదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల గీతలు మారి శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పాలచెట్టుకు ఆ గీతలు తెలియవు. అక్కడికి దగ్గర్లోనే, కొంగలూ గూడబాతులూ గూళ్లు కట్టే నేలపట్టు చెరువు చుట్టూ ఇదే రకం అడవి చిన్న ముక్కగా బతికుంది. దానికి కొత్తగా ఏమీ నాటనక్కర్లేదు. వేసవిలో నిప్పు పడకుండా, చిగురు మేతకు పోకుండా కొన్నేళ్లు కాస్తే చాలు. మిగతా పని మోడే చేసుకుంటుంది.

వచ్చేసారి కౌంట్‌డౌన్‌ పూర్తయ్యాక టీవీ కట్టేయకండి. పొగ విడిపోయాక ఆ పచ్చదనం కనిపిస్తుంది. వందల ఏళ్లుగా విరుగుతూ, తెగుతూ మళ్లీ లేచిన అడవి అది. మనమిచ్చే గడువు మీదే ఇంకోసారి లేస్తుందా లేదా అన్నది ఆధారపడి ఉంది.