సిగరెట్టు పేరున్న రంగస్థలం

టొరాంటోలో సరస్సు ఒడ్డున, హార్బర్‌ఫ్రంట్ ప్రాంతంలో ఒక చిన్న నాటకశాల ఉంది. ఒకప్పుడు అది మంచుగడ్డలు నిలవచేసిన గిడ్డంగి. నాటకశాలగా మారిన తరవాత 2003 దాకా దాని పేరు డు మోరియే థియేటర్ సెంటర్. డు మోరియే కెనడాలో బాగా అమ్ముడైన ఒక సిగరెట్టు పేరు. ఆ సిగరెట్టుకు పేరు వచ్చింది కూడా ఒక నటుడి నుంచే. సర్ జెరాల్డ్ డు మోరియే గత శతాబ్దపు తొలి దశకాల్లో లండన్ రంగస్థలం మీద పేరు మోసినవాడు. 1904లో ‘పీటర్ పాన్’ తొలి ప్రదర్శనలో కెప్టెన్ హుక్ వేషం కట్టింది ఆయనే. నవలా రచయిత్రి డాఫ్నే డు మోరియేకు తండ్రి. పన్ను బకాయి తీర్చుకోవడానికి ఆయన తన పేరును ఒక సిగరెట్టు కంపెనీకి ఇచ్చాడు. నటుడు సిగరెట్టుకు అరువిచ్చిన పేరు, కొన్ని దశాబ్దాల తరవాత, సిగరెట్టు నుంచి నాటకశాలకు చేరింది.

కళలకు విరాళం ఎవరి దగ్గర తీసుకోవచ్చు, ఎవరి దగ్గర తీసుకోకూడదు అన్న చర్చకు కెనడాలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఇంపీరియల్ టొబాకో సంస్థ 1971లో ప్రదర్శన కళలకోసం డు మోరియే కౌన్సిల్‌ను నెలకొల్పింది. కెనడా పొగాకు పరిశ్రమ రేడియో, టీవీ ప్రకటనలను మానుకున్నది 1972 ఆరంభంలో. ఈ రెండు తేదీలూ పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. ఆ తరవాత మూడు దశాబ్దాలపాటు నాటక సమాజాలకూ నృత్య బృందాలకూ వాద్యబృందాలకూ ఆ డబ్బు అందింది. హార్బర్‌ఫ్రంట్‌లో జరిగిన అంతర్జాతీయ నాటకోత్సవం సైతం డు మోరియే పేరుతోనే జరిగింది.

1988లో పార్లమెంటు పొగాకు ప్రకటనలను నిషేధించినప్పుడు, సిగరెట్ల పేర్లతో ఉత్సవాలను పోషించడాన్ని కూడా నిషేధించింది. కాని కంపెనీలు తమ సంస్థ పేరుతో పోషించవచ్చునని ఒక వెసులుబాటు ఇచ్చింది. కంపెనీలు ఆ సందులోంచే దూరాయి. డు మోరియే లిమిటెడ్, ప్లేయర్స్ లిమిటెడ్, మాటినే లిమిటెడ్ అంటూ సిగరెట్ల పేర్లతోనే కొత్త సంస్థలను రిజిస్టరు చేయించాయి. సిగరెట్టు పెట్టె మీది అక్షరాలే నాటకం పోస్టర్ మీదికి వచ్చాయి, ఈసారి కళాపోషకుల హోదాలో. 1995లో సుప్రీం కోర్టు ఆ చట్టంలోని ప్రకటనల నిషేధాన్ని 5–4 తీర్పుతో కొట్టివేసింది. ప్రభుత్వం 1997లో మరో చట్టం తెచ్చింది. దాని ప్రకారం పోషకుల పేరు పోస్టరు అడుగున పదో వంతు జాగాకు మించకూడదు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఈ బిల్లును వ్యతిరేకించడానికి ముందుకు వచ్చినవారిలో సిగరెట్టు కంపెనీలు మాత్రమే లేవు. ఉత్సవాల నిర్వాహకులూ కళాసంస్థలూ క్రీడాసంస్థలూ ‘స్పాన్సర్‌షిప్ స్వేచ్ఛ’ పేరుతో కూటమి కట్టి, ఈ డబ్బు పోతే తాము మూతబడతామని పార్లమెంటుకు మొరపెట్టుకున్నాయి. ఆ రోజుల్లో కెనడాలో పొగాకు వల్ల ఏటా సుమారు 45 వేల మంది చనిపోతున్నారని ఆరోగ్యశాఖ అంచనా. 1998లో ప్రభుత్వం మెత్తబడి ఐదేళ్ళ గడువిచ్చింది. సంపూర్ణ నిషేధం 2003 అక్టోబర్ 1న గాని అమలులోకి రాలేదు. శాశ్వత భవనాల మీది సిగరెట్టు పేర్లు కూడా అప్పుడే దిగాయి.

దాతృత్వపు నీతిని చర్చించేటప్పుడు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటుంది: దాత నాటకంలో వేలుపెట్టాడా? డు మోరియే విషయంలో ఆ ప్రశ్నకు ‘లేదు’ అన్నదే జవాబు కావచ్చు. ఏ సంభాషణా కొట్టివేయించకుండానే, ఏ పాత్రనూ మార్పించకుండానే కంపెనీ తనకు కావలసినది పొందింది. దానికి కావలసినవి రెండు: గౌరవనీయుల సరసన ఒక కుర్చీ, అవసరమైన రోజున తన తరఫున నోరువిప్పే గౌరవనీయులు. రెండూ రంగస్థలం బయట దొరికే సరుకులే. ‘మా నాటకాన్ని ఎవరూ ముట్టుకోలేదు’ అన్న సమర్థన అందుకే ఎంత నిజమైనా చాలదు. మూల్యం చెల్లించింది నాటకం కాదు, నాటకసంస్థ.

వైద్యరంగానికి ఇది పాత పాఠమే. మందుల కంపెనీలు ఇచ్చే పెన్నులూ భోజనాలూ తమ మీద ప్రభావం చూపవని డాక్టర్లు నమ్ముతారు. 2001లో అమెరికాలో వైద్యశిక్షణలో ఉన్నవారిని అడిగి ప్రచురించిన ఒక పరిశీలనలో, అలాంటి కానుకలు తమను మార్చవని 61 శాతం మంది చెప్పారు. తోటి డాక్టర్ల విషయంలో కూడా అదే మాట అనగలిగినవారు 16 శాతమే. కానుక పుచ్చుకున్నవాడికి తన నిష్పాక్షికతను తూచే తరాజు ఉండదు. నాటకరంగంవారు ఇందుకు మినహాయింపు అనుకోవడానికి కారణమేమీ కనిపించదు.

ప్రైవేటు డబ్బు మురికిది గనక ప్రభుత్వ నిధులే శరణ్యం అనేవారూ ఉన్నారు. కాని ఆ మాటా అంత తేలిగ్గా నిలవదు. 2010లో టొరాంటోలోని సమ్మర్‌వర్క్స్ నాటకోత్సవంలో, ‘టొరాంటో 18’ ఉగ్రవాద కేసులో శిక్షపడిన ఒక వ్యక్తి గురించి కాథరీన్ ఫ్రిడ్ రాసిన ‘హోమ్‌గ్రోన్’ నాటకం ప్రదర్శించారు. ప్రధానమంత్రి కార్యాలయం బాహాటంగా అసంతృప్తి ప్రకటించింది. మరుసటి ఏడాది ఉత్సవానికి కెనడియన్ హెరిటేజ్ శాఖ గ్రాంటు రాలేదు. అది వారి బడ్జెట్లో దాదాపు ఐదో వంతు. ఈ రెంటికీ సంబంధం ఉందని ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2012లో గ్రాంటు తిరిగి వచ్చింది. మధ్యలో ఆ ఉత్సవాన్ని నిలబెట్టినవారిలో ప్రైవేటు దాతలున్నారు.

1957లో కెనడా కౌన్సిల్‌ను మంత్రుల చేతికి కాస్త దూరంగా నిలపడంలో ఉద్దేశం ఇలాంటి ఒత్తిడి లేకుండా చూడటమే. దాని మూలధనం కథ ఆసక్తికరమైనది. ఐజక్ వాల్టన్ కిలమ్, సర్ జేమ్స్ డన్ అనే ఇద్దరు కోటీశ్వరులు చనిపోగా వారి ఆస్తుల మీద వచ్చిన వారసత్వపు పన్ను నుంచి పార్లమెంటు పది కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో సగం కౌన్సిల్ శాశ్వతనిధి, సగం విశ్వవిద్యాలయాల నిర్మాణాలకు. ఆ డబ్బు కూడా సంపన్నులదే. కాని పన్నుగా వచ్చిన డబ్బుకు కృతజ్ఞత చూపనక్కరలేదు, పోస్టరు మీద పేరు వేయనక్కరలేదు. అదే మొత్తం విరాళంగా వచ్చివుంటే దాతల వారసులు ప్రతి ప్రారంభోత్సవంలోనూ ముందువరసలో కూర్చునేవారు.

నిజానికి విరాళం కూడా పూర్తిగా ప్రైవేటు డబ్బు కాదు. నమోదైన ధర్మసంస్థకు ఇచ్చే విరాళంలో 200 డాలర్లు దాటిన భాగం మీద ఫెడరల్ పన్నులో 29 శాతం, ఒంటారియో పన్నులో 11.16 శాతం తగ్గుతుంది. అంటే అక్కడ ప్రతి డాలరులోనూ 40 సెంట్లకు పైగా ప్రజలు పెట్టుకుంటున్నారు. పేరు మాత్రం దాతదే. అందుకే చట్టం విరాళానికీ స్పాన్సర్‌షిప్‌కూ తేడా చూపుతుంది. దాతకు ప్రతిఫలం దక్కితే దాని విలువ తీసివేసి మిగిలినదానికే రశీదు ఇవ్వాలి. ప్రకటన రూపంలో ప్రతిఫలం పొందే స్పాన్సరు చేసేది దానం కాదు, వ్యాపార ఖర్చు. లాభాపేక్ష లేకపోయినా ధర్మసంస్థగా నమోదు కాని సంఘానికి పన్ను రశీదు ఇచ్చే హక్కే లేదు. చాలా సాంస్కృతిక సంఘాలు గమనించవలసిన విషయమిది.

పేర్ల సంగతికి వస్తే, టొరాంటో నడిబొడ్డునున్న పెద్ద ప్రదర్శనశాల చరిత్ర చూస్తే చాలు. 1960లో తెరుచుకున్నప్పుడు అది ఒక బీరు కంపెనీ పేరుతో ఓకీఫ్ సెంటర్. 1996లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ 50 లక్షల డాలర్లు ఇస్తే హమ్మింగ్‌బర్డ్ సెంటర్ అయింది. 2007లో సోనీ సెంటర్, 2019లో మెరిడియన్ హాల్. మెరిడియన్ పరపతి సంఘం ఈ భవనానికీ నార్త్ యార్క్‌లోని మరో కేంద్రానికీ కలిపి పదిహేనేళ్ళకు మూడు కోట్ల ఏడు లక్షల యాభై వేల డాలర్లకు ఒప్పుకుంది. ఇందులో నవ్వుకోవలసినది ఉంది కాని తప్పు పట్టవలసినది తక్కువ. గడువు నిర్ణయించి, సొమ్ము ఎంతో బయటపెట్టి, పేరును అద్దెకిచ్చారు. శాశ్వతంగా చెక్కించిన దాత పేరుకన్నా ఇది నిజాయితీ గల పద్ధతి. పదిహేనేళ్ళలో ఆ సంస్థకు అప్రతిష్ఠ వస్తే పేరు తీసేసే షరతు ఒప్పందంలో ఉండాలి, అంతే.

తెలుగు నాటకానికి పోషకుల సంగతి కొత్తది కాదు. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ వెనుక మహారాజా ఆనంద గజపతి ఉన్నారు. గురజాడ ఆ సంస్థానంలో ఉద్యోగి. విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్క వివాహాల జాబితాను తయారు చేయించినది మహారాజే. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు తేలాయని గురజాడ ముందుమాట చెబుతుంది. 1897 నాటి మొదటి ముద్రణను మహారాజుకే అంకితం చేశారు. పోషకుడెవరో, నాటకంతో ఆయనకున్న ఆసక్తి ఏమిటో పుస్తకం తెరవగానే పాఠకుడికి తెలుస్తుంది. ఆ నాటకం జమీందారీ జోలికి పోకపోవడాన్ని ఎవరైనా పోషణతో ముడిపెట్టదలిస్తే అందుకు కావలసిన సమాచారం కూడా అక్కడే ఉంది.

కెనడాలో ఉగాదికీ సంక్రాంతికీ నాటకం వేసే తెలుగు బృందానికి లక్షల డాలర్ల బెడద లేదు. హాలు అద్దె, మైకులు, దీపాలు, మేకప్పు, అంతే. ఆ ఖర్చు భరించేది తరచుగా ఇళ్ళమ్మే ఏజెంటో, తనఖా రుణాలు ఇప్పించే బ్రోకరో, వీసాల సలహాదారో. తెర లేవడానికి ముందు ఐదు నిమిషాలు ఆయన మాట్లాడతారు. ప్రేక్షకులు సర్దుకుంటారు. ఇందులో అనైతికమేమీ లేదు. అయితే విదేశీ విద్యార్థులను మోసగించే వీసా సలహాదారు గురించీ, కొత్తగా వచ్చినవారి చేత తాహతుకు మించి ఇల్లు కొనిపించే ఏజెంటు గురించీ నాటకం రాయాలని ఆ బృందంలో ఎవరికైనా అనిపిస్తే ఏమవుతుంది? ఎవరూ వద్దనరు. వద్దనవలసిన అవసరమే రాకుండా ఆ ఆలోచన మొదటి సమావేశంలోనే రాలిపోతుంది. వంద కుటుంబాలు తలా ఇరవై డాలర్లు ఇస్తే వచ్చే రెండు వేల డాలర్లకు ఆ ఇబ్బంది లేదు. అది వసూలు చేయడానికి ఎవరో ఒకరు వంద ఫోన్లు చేయాలి. స్పాన్సరుకైతే ఒక్క ఫోను చాలు.

డు మోరియే పేరు పోయాక హార్బర్‌ఫ్రంట్ నాటకశాల మూతబడలేదు. హార్బర్‌ఫ్రంట్ సెంటర్ థియేటర్ అన్న మామూలు పేరుతో నడిచింది. స్పాన్సర్‌షిప్ నిషేధాన్ని 2007లో సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా సమర్థించింది. 2025 మార్చిలో కెనడాలోని మూడు పెద్ద పొగాకు కంపెనీలు రోగులకూ రాష్ట్రాలకూ కలిపి 3,250 కోట్ల డాలర్లు చెల్లించే ఒప్పందానికి ఒంటారియో కోర్టు ఆమోదం లభించింది. వాటిలో ఇంపీరియల్ టొబాకో ఒకటి.