గాలి మేసే గుర్రాలు!

పెట్రోలు పోస్తేనే కారు పరుగెడుతుంది. నిజమే... కానీ ఆ పెట్రోలు మండాలంటే గాలి కావాలిగా! కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి అవసరం. మామూలు ఇంజిన్ దాన్ని తనంతట తానే పీల్చుకుంటుంది. అలా కాకుండా బలవంతంగా గాలిని లోపలికి కుక్కితే? అదే ఇంజిన్‌లో ఎక్కువ పెట్రోలు మండుతుంది, శక్తీ పెరుగుతుంది. ఆ పని చేసేదే సూపర్‌ఛార్జర్. టర్బో పొగగొట్టంలోంచి పోయే వాయువులతో తిరిగితే, ఇది బెల్టు సాయంతో ఇంజిన్‌తోపాటే తిరుగుతుంది. వీటిలో ప్రధానంగా మూడు రకాలు. ఏదో ఒకటి బిగించేస్తే డబ్బే కాదు, ఇంజినూ పోవచ్చు!

తొక్కగానే ఉరకాలంటే...

అన్నిటికన్నా పాతది రూట్స్. అమెరికాకు చెందిన రూట్స్ సోదరులు 1860లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి పెట్రోలు కార్లే లేవు! ఇనుము కరిగించే కొలుముల్లోకి గాలి ఊదడానికి వాడేవారు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నా ఇది గాలిని బాగానే తోస్తుంది. కాబట్టి యాక్సిలరేటర్ తొక్కగానే బండి ముందుకి దూకుతుంది. చిక్కల్లా వేడితోనే. మిగతావాటికన్నా ఇది గాలిని ఎక్కువ వేడెక్కిస్తుంది. ఆ లోపాన్ని తగ్గించిన కొత్తతరం రూట్స్‌తోనే 2009 మోడల్ కార్వెట్ జడ్ఆర్1 638 హార్స్‌పవర్ అందుకుంది.

మరల మాయ

రెండోది ట్విన్ స్క్రూ. రెండు పెద్ద మరలు పెనవేసుకుని తిరుగుతూ గాలిని తమ మధ్యే నొక్కేస్తాయి. దాంతో వేడి తక్కువ, తొలి ఊపూ తగ్గదు. కాకపోతే మరలను ఎంతో కచ్చితంగా చెక్కాలి కాబట్టి ధర ఎక్కువ. 2015 మోడల్ డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్‌లో ఉన్నది ఇదే. ఆ కారు శక్తి 707 హార్స్‌పవర్. సూపర్‌ఛార్జర్‌ని తిప్పడానికే 80 హార్స్‌పవర్ దాకా ఖర్చవుతుందంటే ఆశ్చర్యమే మరి!

చివర్లో చెలరేగేది

మూడోది సెంట్రిఫ్యుగల్. ఇందులో రెక్కల చక్రం గిర్రున తిరుగుతూ గాలిని విసురుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే ఊళ్లో ట్రాఫిక్‌లో దీని ఉనికే తెలియదు. రేస్ ట్రాక్ మీద ఇంజిన్ హోరెత్తినప్పుడు మాత్రం రెచ్చిపోతుంది. చిన్నది, బిగించడమూ తేలికే. 1932లో డ్యూసెన్‌బర్గ్ ఎస్‌జే ఈ రకంతోనే 320 హార్స్‌పవర్ ప్రకటించుకుంది.

ఇంతకీ ఏది మేలు?

బరువైన కారు, తరచూ ఆగి కదిలే ప్రయాణాలు అయితే మొదటి రెండూ నయం. ఎక్కువ వేగంతో తిరిగే ఇంజిన్, ట్రాక్ పరుగులు అయితే మూడోది. ఏదైనా సరే ఇంజిన్ ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో ముందు చూసుకోవాలి. గాలి బాగా వేడెక్కితే పెట్రోలు అదుపు తప్పి మండి పిస్టన్లను దెబ్బతీస్తుంది. దాన్నే నాకింగ్ అంటారు. అందుకే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, సరిపడా పెట్రోలు అందించే ఏర్పాటూ ఉండాలి.

సూపర్‌ఛార్జర్ ఉంటే గెలుపు ఖాయమనుకోవడానికీ లేదు. బెంట్లీ కార్లకు దాన్ని బిగించడం కంపెనీ స్థాపకుడు డబ్ల్యూ.ఓ.బెంట్లీకి అస్సలు ఇష్టం లేదు. 1930 లె మాన్స్ 24 గంటల పందెంలో సూపర్‌ఛార్జర్ ఉన్న బెంట్లీలు మధ్యలోనే ఆగిపోయాయి. గెలిచింది... అది లేని బెంట్లీ స్పీడ్ సిక్స్!