మాత్రతో తగ్గి, మళ్ళీ వచ్చే దురద

జాకెట్టు కొలతలు ఇచ్చేటప్పుడు ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు. యానాం ఫరంపేటలో మా ఇంటి ముందు గదిలోనే నా కుట్టు మిషను. తలుపు దగ్గరకు వేసి, టేపు చేతిలోకి తీసుకున్నానంటే, అమ్మకు చెప్పనివి, అత్తకు చెప్పలేనివి నాకు చెబుతారు. వాటిలో తరచుగా వినబడేది ఈ మాట: "అక్కా, కింద ఒకటే దురద. మందు వాడితే తగ్గుద్ది. నెల తిరక్కుండా మళ్ళీ మొదలు." కాలేజీకి వెళ్ళే పిల్ల చెప్పింది. కడుపుతో ఉన్న కోడలు చెప్పింది. షుగరు మాత్రలు మింగుతున్న యాభయ్యేళ్ళావిడ చెప్పింది. నాదీ షుగరు ఒళ్ళే, ఆ బాధ నాకూ తెలుసు. పగలంతా మిషను మీద కూర్చోలేక, మూత్రానికి వెళ్తే మంటకు పళ్ళు బిగబట్టి, రాత్రి పక్కమీద పడుకున్నా నిద్ర పట్టక గడిపిన రోజులు నాకున్నాయి. ఏడాదికి పైగా పీడించిన ఆ దురద ఎందుకు వస్తోందో తెలిశాక గానీ నాకు తెరిపి దొరకలేదు. ఈ ఊరి ఆడవాళ్ళకు నేను చెప్పదలచింది అదే: మళ్ళీ మళ్ళీ వస్తుంటే, మళ్ళీ మళ్ళీ అదే మాత్ర కొనొద్దు. ఎందుకొస్తోందో తేల్చుకోండి.

ముందు ఇదేమిటో చెబుతాను. క్యాండిడా అనే ఈస్టు, అంటే కంటికి కనబడని ఒక రకం ఫంగస్, దీనికి కారణం. ఎక్కణ్ణుంచో వచ్చి పడేది కాదు, మన పేగుల్లో, చర్మం మీద, యోనిలో ఉండేదే. ఏ ఇబ్బందీ లేని ఆడవాళ్ళను పరీక్షించినా నూటికి పది నుంచి ఇరవై మందిలో అది కనబడుతుంది. బాధ లేకపోతే వాళ్ళకు మందు అవసరం లేదు. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే సూక్ష్మజీవులుంటాయి. అవి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తూ అక్కడ పులుపుదనాన్ని నిలబెడతాయి. ఏ జ్వరానికో, పంటినొప్పికో యాంటీబయాటిక్ వాడితే ఆ మంచి జీవులు కూడా చస్తాయి. రక్తంలో చక్కెర పెరిగితే ఈస్టుకు తిండి పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ ఎక్కువై అది పెరగడానికి వీలవుతుంది. స్టెరాయిడ్లు వాడేవాళ్ళకు ఒంటి రోగనిరోధక శక్తి తగ్గుతుంది. ఇలా ఈస్టు హద్దుమీరి పెరిగినప్పుడు దురద, మంట, వాపు, విరిగిన పెరుగులా చిక్కటి తెల్లబట్ట. వాసన పెద్దగా ఉండదు. ఈ గుర్తును మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నూటికి డెబ్బై ఐదు మంది ఆడవాళ్ళకు జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. చాలామందికి వచ్చి పోతుంది. ఏడాదిలో నాలుగుసార్లు వస్తే దాన్ని తిరగబెట్టే రకం అంటూ వచ్చారు. ఇప్పుడు అమెరికా వైద్య మార్గదర్శకాలు మూడుసార్లు వచ్చినా అదే లెక్కలో వేస్తున్నాయి. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 13.8 కోట్ల మంది ఆడవాళ్ళు ఈ తిరగబెట్టే రకంతో బాధపడుతున్నారని 2018లో వెలువడిన ఒక అంచనా. ఇంతమందికి ఉన్నదాన్ని ఒక్కొక్కరం మనకొక్కరికే వచ్చిన తప్పులా దాచుకుంటున్నాం.

తప్పు అన్నాను గనక ఇంకో మాట. కొత్త కోడలికి ఈ దురద వస్తే ఆమె నడతను అనుమానించిన ఇల్లు నాకు తెలుసు. ఆ అమ్మాయి నా గదిలో గోడవైపు తిరిగి ఏడ్చింది. ఇది సుఖవ్యాధి కాదు. పెళ్ళికాని పిల్లలకూ వస్తుంది. మామూలుగా భర్తకు మందు ఇవ్వనక్కర్లేదు కూడా, ఆయనకు కూడా దురద, ఎర్రదనం ఉంటే తప్ప. శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేదీ కాదు. రోజుకు నాలుగుసార్లు సబ్బుతో కడుక్కునేవాళ్ళకే బాధ ఎక్కువవడం చూశాను. అత్తగార్లు, అమ్మలు ఈ సంగతి ఇంట్లో పెద్దగొంతుతో చెప్పాలి.

ఇక మందుల షాపు సంగతి. దురదంటే చాలు, ఒక ట్యూబు చేతిలో పెడతారు. నాకూ అలాంటిదే ఇచ్చారు. రాసిన రోజే హాయిగా ఉండేది, వారం తిరక్కుండా రెట్టింపు మంట. ఆ ట్యూబులో ఫంగస్ మందుతోపాటు ఒక స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్ కలిసి ఉన్నాయని తర్వాత నన్ను పరీక్షించిన డాక్టరమ్మ చదివి చెప్పింది. స్టెరాయిడ్ దురదను తొక్కిపెడుతుంది, ఫంగస్‌ను బలపరుస్తుంది, చర్మాన్ని పల్చబరుస్తుంది. స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. ట్యూబు మీద బెక్లోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్ అనే పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ చోట మీ అంతట మీరు రాసుకోకండి.

ఇంకో చిక్కుంది. మనం ఈస్టు అనుకున్నదంతా ఈస్టు కాదు. అమెరికాలో మందుల షాపుకు వెళ్ళి సొంతంగా ఫంగస్ మందు కొనుక్కున్న 95 మంది ఆడవాళ్ళను పరీక్షించారు. 2002లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అచ్చంగా ఈస్టు ఉన్నది ముగ్గురిలో ఒకరికి మాత్రమే. మిగతావాళ్ళలో కొందరికి బ్యాక్టీరియా వల్ల వచ్చే వేరే ఇబ్బంది, కొందరికి రెండూ కలిసి, కొందరికి అసలు ఏమీ లేదు. చేపల వాసనతో పల్చగా, బూడిదరంగులో పోతుంటే అది బ్యాక్టీరియాది కావచ్చు. నురగతో పసుపుపచ్చగా పోతుంటే ట్రైకోమోనాస్ కావచ్చు, అది సంభోగం వల్ల అంటుకునేదే, దానికి భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి. ఫంగస్ మాత్ర వీటిలో దేన్నీ తగ్గించదు.

ఆ డాక్టరమ్మ నన్ను చూసింది కాకినాడలో. యానాం నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే, బస్సులో గంట. బల్లమీద పడుకోమంటే నాకు కాళ్ళు వణికాయి. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్నే, అయినా సరే. ఆమె దూదిపుల్లతో కొంచెం తీసి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూసింది. ఇంకో పుల్లను కల్చర్ పరీక్షకు పంపింది. నొప్పి లేదు. ఇంత చిన్న పరీక్షకు మన ఆడవాళ్ళు ఎంత దూరంగా ఉండిపోతారో చెప్పే లెక్క ఒకటుంది. గోదావరి యానాం చేరడానికి చాలా ముందు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా అంచును ఒరుసుకుని వస్తుంది. ఆ జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, ఆమె సహచరులు రెండు ఊళ్ళలోని 650 మంది ఆడవాళ్ళను పరీక్షించి, 1989లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీల వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి ఎనిమిది మంది. ఆ లెక్క పాతదే. కానీ నా గదిలో వినే మాటలు దానికి పెద్ద దూరంగా లేవు.

డాక్టరమ్మ అడిగిన మరో సంగతి నా కథను మార్చింది. "ఇంట్లో వాడే మందులన్నీ తెచ్చారా?" అంది. సంచిలోంచి షుగరు మాత్రలు తీసి ఇచ్చాను. వాటిలో ఒకటి డాపాగ్లిఫ్లోజిన్. రక్తంలోని చక్కెరను మూత్రపిండాల ద్వారా మూత్రంలోకి పంపేయడం దాని పని. చక్కెర తగ్గుతుంది, కానీ మూత్రం తియ్యనవుతుంది. ఆ తేమలో, ఆ తీపిలో ఈస్టు పెరుగుతుంది. ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ కూడా ఈ జాతివే. మన దేశంలో 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు తీరిపోయాక చాలా కంపెనీలు చవగ్గా తయారుచేస్తున్నాయి, అందుకే మన వీధుల్లోనూ ఈ పేరు వినబడుతోంది. ఇవి గుండెను, మూత్రపిండాలను కాపాడే మంచి మందులు. దురద వచ్చిందని మీ అంతట మీరు ఆపేయకండి, రాసిన డాక్టరుకు చెప్పండి. నాకు షుగరు మాత్రలు రాసిన డాక్టరు వేరే మాత్రకు మార్చారు. మా వీధిలో ఇంకొకావిడకు గుండె జబ్బు ఉంది కాబట్టి అదే మాత్ర ఉంచి, ఈస్టుకు విడిగా మందు ఇచ్చారు. ఇద్దరికీ హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించారు, అంటే మూడు నెలల షుగరు లెక్క. షుగరు ఉందని తెలియనివాళ్ళకు, పదేపదే వచ్చే ఈ దురదే మొదటి గుర్తు కావచ్చు.

మందు వాడే పద్ధతి కూడా నాకు కొత్తే. ఎప్పుడో ఒకసారి వచ్చేదానికి క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునే మాత్రో, 150 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ ఒక్క మాత్రో సరిపోతుంది. తిరగబెట్టే దానికి ఒక్క మాత్ర చాలదు. ఒకటో రోజు, నాలుగో రోజు, ఏడో రోజు ఒక్కొక్కటి వేసి ముందు పూర్తిగా అణచాలి. ఆ తర్వాత వారానికొకటి చొప్పున ఆరు నెలలు. అమెరికాలో జాక్ సోబెల్ అనే వైద్యుడి బృందం 387 మంది మీద చేసిన పరిశోధన 2004లో వచ్చింది. ఆరు నెలలు వారం వారం మందు వేసుకున్నవాళ్ళలో నూటికి 90 మందికి పైగా దురద లేకుండా ఉన్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 36 మంది. మందు ఆపేసి మరో ఆరు నెలలు గడిచాక చూస్తే, మందు వాడినవాళ్ళలోనూ బాగున్నది 43 మందే. ఈ చివరి అంకె కూడా డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది. దాచకుండా చెప్పినందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

ఫ్లూకొనజోల్ గర్భిణులు మింగకూడదు. వాళ్ళకు ఏడు రోజులు లోపల పెట్టుకునే మందే ఇస్తారు. కాలేయ జబ్బున్నవాళ్ళు, రక్తాన్ని పల్చబరిచే వార్ఫరిన్ వంటి మందులు, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పే వేసుకోవాలి. కల్చర్‌లో గ్లబ్రాటా అనే మరో రకం ఈస్టు తేలితే ఫ్లూకొనజోల్ సరిగా పనిచేయకపోవచ్చు. దానికి 600 మిల్లీగ్రాముల బోరిక్ ఆమ్లం గొట్టం మాత్రలు రెండు మూడు వారాలు రాత్రిపూట లోపల పెట్టుకోమంటారు. అది నోట్లో వేసుకుంటే విషం. పిల్లలకు అందని చోట పెట్టాలి, గర్భిణులు ముట్టుకోకూడదు. కల్చర్ పరీక్ష ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

బట్టల గురించి నా చేతిపని సాక్షిగా చెబుతాను. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క కోరంగి మడ అడవులు, సముద్రపు గాలి. మా ఊళ్ళో బట్ట ఆరడమే గగనం. ఈ ఉక్కలో పాలిస్టర్ లంగా, దానిమీద సింథటిక్ చీర. ఇప్పుడు పెళ్ళిళ్ళకు చీర నాజూగ్గా నిలవాలని శారీ షేపర్లు తొడుగుతున్నారు, ఒంటిని పట్టేసే నైలాన్ గొట్టం అది. ఉదయం ముహూర్తం నుంచి రాత్రి భోజనాల దాకా అందులోనే. బట్టే ఈస్టును పుట్టించదు, కానీ చెమట ఆరనివ్వక బాధను పెంచుతుంది. నేను నాకు నూలు లంగాలే కుట్టుకుంటాను, అడిగినవాళ్ళకూ అవే కుడతాను. లెగ్గింగ్స్ వేసుకునే పిల్లలకు ఇంటికి రాగానే మార్చుకోమంటాను. లోదుస్తులు మగవాళ్ళ కంట పడకూడదని చీర కింద దాచి ఆరేస్తాం, అవి తడి తడిగానే ఒంటిమీదికొస్తాయి. దండెం మీద ఎండలో ఆరెయ్యండి. 2022 జులైలో వరద నీళ్ళు యానాంలోకి వచ్చినప్పుడు ఆడవాళ్ళు తడిబట్టల్తోనే రోజంతా గడిపారు. సాయం మూటలు కట్టేవాళ్ళు బియ్యం, పప్పుతోపాటు పొడి నూలు లోదుస్తులు కూడా పెట్టాలని అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాను.

"వేడి చేసింది" అని మజ్జిగ, బార్లీ నీళ్ళు తాగిస్తారు. తాగండి, ఒంటికి మంచిదే, ఈస్టును మాత్రం అవి తీసెయ్యవు. పెరుగు లోపల రాసుకోవడం వల్ల మేలని గట్టి రుజువు లేదు. పటిక నీళ్ళు, డెట్టాల్, నిమ్మరసం, వెల్లుల్లి ఆ చోటికి చేర్చకండి, పుండవుతుంది. బయట మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు, లోపల కడగనక్కర్లేదు. పంచదార మానేసినా తగ్గనివాళ్ళు ఎందరో ఉన్నారు, అసలు షుగరు అదుపులో ఉండటం ముఖ్యం.

నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్ళకు షుగరు లేకపోతే ఈస్టు అరుదు. వాళ్ళకు దురద ఉంటే పొడిబారడం వల్లో, చర్మవ్యాధి వల్లో కావచ్చు, చూపించాల్సిందే. ఎవరికైనా సరే జ్వరం, పొత్తికడుపు నొప్పి, నెత్తురు, పుళ్ళు, దుర్వాసన ఉంటే వాయిదా వేయకండి. ఎంతకీ తగ్గకపోతే హెచ్‌ఐవీ పరీక్ష కూడా అడుగుతారు, భయపడి తప్పించుకోవద్దు. తిరగబెట్టేవాళ్ళలో ఎక్కువమందికి అది ఉండదు. యానాం ప్రభుత్వాసుపత్రిలో చెప్పుకోవడానికి సిగ్గనిపిస్తే చీటీ మీద రాసి ఇవ్వండి: ఎప్పటినుంచి, ఏడాదిలో ఎన్నిసార్లు, ఏ ఏ మందులు వాడారు, వాసన ఉందా లేదా. దురద ఉన్న రోజునే, ఏ పూతా రాసుకోకుండా వెళితే పరీక్షలో తేలుతుంది.

ఆరు నెలల మాత్రలు పూర్తయ్యాక నాకు చాన్నాళ్ళు హాయిగా గడిచింది. పోయిన వానాకాలం మళ్ళీ వచ్చింది. ఈసారి మందుల షాపుకు కాదు, నేరుగా కాకినాడకే వెళ్ళాను. అదే పుల్ల, అదే గాజుపలక. అదే రకం ఈస్టు. వారానికొక మాత్ర మళ్ళీ మొదలుపెట్టింది డాక్టరమ్మ. మూడో రోజుకల్లా మిషను ముందు కూర్చుని పెళ్ళి జాకెట్లకు పికో చేశాను.