పసికందుకు నీళ్ళు పోయుట



నేడు కాన్పులు చాలవఱకు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. అయినను బాలింత ఇల్లు చేరిన పిమ్మట బిడ్డకు నీళ్ళు పోయు పని అమ్మమ్మలదో నాయనమ్మలదో అయి యున్నది. ఆ పనిని గూర్చి బడిపంతులుగా బ్రతికిన నేను మాటలాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. కారణము చెప్పెదను.

నా మనుమడొకడు, వానకు దారి తెగి బండి రాకపోవుటచేత, ఇంటనే పుట్టెను. పుట్టిన గడియలోనే మైల పోవలెనని మా ఇంటివారు బిడ్డకు నీళ్ళు పోసిరి. ఆచారమే గదా యని నేను వసారాలో ఊరకుంటిని. కొంతసేపటికి బిడ్డ పాదములు చల్లబడెను, ఏడ్పు సన్నగిల్లెను, చన్ను పట్టడాయెను. రాత్రి వచ్చిన నర్సమ్మ బిడ్డను పొడిగా తుడిచి, బట్ట లేకుండ తల్లి ఱొమ్మున ఆనించి, ఇద్దఱిమీదను దుప్పటి కప్పి, బిడ్డ తలకు టోపీ తొడిగెను. తెల్లవాఱునప్పటికి బిడ్డ వెచ్చబడి పాలు త్రాగెను. బిడ్డ దక్కెను గాని, చదువుకొన్నవాడనై యుండియు నోరు మెదపనైతినను సిగ్గు నాకు మిగిలెను.

నీటివలన అంత ప్రమాదమేల? తడి ఆఱునప్పుడు ఒంటి వేడిమిని తనతో కొనిపోవును. వేసవిలో మట్టికుండలోని నీరు చల్లబడుట ఇందువలననే. మనము చలికి వణకి వేడి పుట్టించుకొందుము. పసికందు అట్లు వణకజాలదు. పైగా వాని తల దేహపు నిడివిలో నాలుగవ వంతు. తడిసిన తలనుండి వేడిమి త్వరగా పోవును. పుట్టిన బిడ్డ మేన నుండు తెల్లని జిగట పూత మైల కాదు. అది చర్మమును కాపాడునది. కావున మొదటి స్నానమును కనీసము 24 గంటలు ఆపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పుట్టగానే పొడిగుడ్డతో తుడిచి తల్లి యొడి చేర్చుటయే ఆనాటి శుద్ధి. ఇది మనకు క్రొత్త మాటయు కాదు. చరకసంహిత శారీరస్థానమందు, శిశువు ప్రాణములు తేఱి ప్రకృతిస్థుడైనట్లు చూచిన పిదపనే స్నానము విధింపబడినది.

రెండున్నర కిలోలకు తక్కువ తూగు బిడ్డకు, నెలలు నిండని బిడ్డకు, వైద్యుడు సరే యనువఱకు వెచ్చని తడిగుడ్డతో తుడుచుటయే మేలు. తక్కిన బిడ్డలకును వారమునకు రెండు మూడు మార్లు నీళ్ళు పోసిన చాలును.

ఇక పద్ధతి. తలుపులు మూసి గాలి తగులని చోట కూర్చుండవలెను. పొడిగుడ్డలు ముందే చేతికందునట్లు పెట్టుకొనవలెను. బిందెలో మొదట చన్నీరు, తరువాత వేడినీరు పోసి కలుపవలెను. 37, 38 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి తగినది. కష్టము చేసిన అఱచేయి వేడిని సరిగా చెప్పదు; మోచేయి ముంచి చూడవలెను. బిడ్డ ఒడిలో నుండగా కాగిన నీటి గిన్నె దగ్గఱకు రాకూడదు. పీటపై కూర్చుండి, కాళ్ళు చాచి, బిడ్డను వానిపై పండుకొనబెట్టు మన పద్ధతి మంచిదే. మెడ నిలువని బిడ్డకు రెండు కాళ్ళ నడిమి పల్లము తొట్టివలె ఆధారమగును. చెంబు ఎత్తి ముఖముపై ధారగా పోయరాదు. ఒడలు కడిగి, తల చివర కడిగి, వెంటనే తలనే ముందు తుడువవలెను. అంతయు అయిదు నిమిషములలో ముగియవలెను. క్షణమైనను బిడ్డను నీటిచెంత ఒంటరిగా విడువరాదు.

మానవలసినవి కొన్ని కలవు. ముక్కులో, చెవిలో నూనె బొట్లు వేయరాదు. ముక్కులోని నూనె ఊపిరితిత్తులలోనికి దిగి జబ్బు చేయును. ముక్కు చక్కబడునని నొక్కుట, నోటితో ఊదుట వలదు. కొందఱు పసిబిడ్డల ఱొమ్ములు ఉబ్బియుండును. అది తనంతట తగ్గును. పాలు పిండినచో చీము పట్టును. సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టిన లేతచర్మము గీచుకొనిపోవును. సాంబ్రాణి పొగ పెద్దలకు సువాసనయే గాని, ఆ చిన్ని ఊపిరికి బాధ.

బొడ్డు ఊడువఱకు దానిని పొడిగా నుంచవలెను. బూడిద, పేడ, పసుపు, ఆముదము ఏదియు పెట్టరాదు. పూర్వము ధనుర్వాతము ఆ దారినే వచ్చి ఎందఱో బిడ్డలను తీసికొనిపోయెను. టీకాలవలన, శుభ్రమైన కాన్పులవలన ఆ పీడ మన దేశమున తొలగినదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపఱచినది. దానిని మరల పిలువకుందము.

స్నానానంతరము పాదములతోపాటు కడుపుకూడ చల్లగా నున్నచో, బిడ్డను తల్లి ఱొమ్మున ఆనించి కప్పవలెను. పాలు పట్టకున్నను, మగతగా నున్నను ఆలసింపక 108కు ఫోను చేయవలెను.

పెద్దలారా! కోడలు అత్తగారికి ఎదురు చెప్పజాలదు, అల్లుడు మాటలాడడు. మీ మాట చెల్లును. నీళ్ళు పోయు ఆ అనుభవముగల చేతులను మనము తప్పుపట్ట నక్కఱలేదు. “అమ్మా, నేడు వలదు, ఱేపు పోయవచ్చును” అని ఒక్క మాట అన్న చాలును. వసారాలో కూర్చుండి నేను అనలేకపోయిన మాట అదియే.