నీళ్ల మీద గూడ్సుబండి!

కోడలి పురిటికని న్యూజెర్సీ వెళ్లిన మా పెద్దొదిన ఓ ఆదివారం స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఎక్కిందట. టికెట్టు లేని పడవ కదా, లిబర్టీ విగ్రహం చూడ్డానికి మనవాళ్లు ఎక్కువగా ఎక్కేది అదే! అందరూ విగ్రహం వైపు కెమెరాలు తిప్పుతుంటే ఈవిడ చూపు రెండోపక్క పడింది. బల్లపరుపు పడవ మీద గూడ్సు పెట్టెలు వరసగా నిలబడి వెళ్తున్నాయి. ఇంటికొచ్చి చెబితే కొడుకే నమ్మలేదట.

నమ్మాల్సిందే మరి. జెర్సీ సిటీలోని గ్రీన్‌విల్ యార్డు నుంచి బ్రూక్లిన్‌లోని 65వ వీధి యార్డు దాకా ఓ చిన్న రైల్వే కంపెనీ ఇలా సరుకు దాటిస్తోంది. పేరు న్యూయార్క్ న్యూజెర్సీ రైల్. 2008లో దీన్ని అక్కడి పోర్ట్ అథారిటీ కొనుక్కుంది. ప్రయాణం ముప్పావుగంటే.

కోనసీమవాళ్లకి పంటు గురించి చెప్పక్కర్లేదు. మోటారు సైకిళ్లు, కార్లు ఎక్కించుకుని గోదావరి దాటుతుంది చూడండి, ఇదీ అంతే. కాకపోతే దీనిమీద పట్టాలుంటాయి. కొత్త పంటు మీద 18 పెట్టెలు పడతాయి. రేవుకీ పంటుకీ మధ్య ఉన్న వంతెన సముద్రం పోటు మీదుంటే లేస్తుంది, పాటు మీదుంటే దిగుతుంది. ఇంజను బరువుకి ఆ వంతెన ఆగదు. అందుకని ఇంజనుకి ముందు ఖాళీ పెట్టెలు తగిలించి, అది గట్టునే ఉండి సరుకు పెట్టెల్ని లోపలికి నెడుతుంది. ఒకపక్కే నింపితే పంటు ఒరిగిపోదూ! కావడి మోసేవాడిలా రెండువైపులా బరువు చూసుకుంటూ ఎక్కించాలి. తర్వాత టగ్ బోటు వచ్చి తోసుకుపోతుంది.

ఇంత అవస్థ ఎందుకంటే, దగ్గర్లో గూడ్సుబండికి వేరే దారి లేదు. 1910లోనే హడ్సన్ కింద సొరంగాలు తవ్వారు గానీ అవి ప్రయాణికులవి, నేటి గూడ్సు పెట్టెల ఎత్తుకి చాలవు. పొకీప్సీ దగ్గరున్న రైలు వంతెన 1974లో కాలిపోయింది. (2009 నుంచి జనం దానిమీద షికారు నడుస్తున్నారు!) పట్టాల మీదే పోవాలంటే ఉత్తరాన సుమారు 225 కిలోమీటర్లు సెల్‌కిర్క్ దాకా వెళ్లి, నది దాటి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి.

అందుకే బ్రూక్లిన్, క్వీన్స్, లాంగ్ ఐలండ్ ఇళ్లకి కావలసిన సరుకంతా దాదాపుగా లారీలమీదే వస్తోంది. ఒక్కో రైలుపెట్టె మూడు నాలుగు లారీల పెట్టు. అంటే పంటు నిండా వెళ్తే 50కి పైగా లారీలు రోడ్డెక్కనట్టే. లారీలు తిరిగే సౌత్ బ్రాంక్స్‌లాంటి పేటల్లో తల్లులు పిల్లల ఉబ్బసం గురించి ఏళ్లతరబడి మొత్తుకుంటున్నారు. వాళ్లకిది చిన్న సంగతి కాదు.

గూడ్సుకోసం నీటికింద సొరంగం తవ్వాలని 1921లో పోర్ట్ అథారిటీ పుట్టిన నాటి నుంచీ అనుకుంటూనే ఉన్నారు. వందేళ్లు దాటినా తవ్విందిలేదు! 2012లో శాండీ తుపానుకి గ్రీన్‌విల్ రేవు బాగా దెబ్బతింటే బాగుచేసుకుని, కొత్త పంటు తెచ్చుకున్నారు.

ఈసారి వెళ్తే బ్రూక్లిన్ రేవులో పెట్టెలు దింపడం చూడాలని మా వదిన పట్టు. కొడుక్కి సెలవు దొరకాలి మరి!