'ఇట్స్ ఎ ఫ్రీ వరల్డ్': కూలీ కథ కాదు, ఏజెంట్ కథ

వీసా డబ్బులు కట్టించుకున్న ఏజెంట్ ఫోన్ ఎత్తకపోవడం, గల్ఫ్‌లో దిగీ దిగగానే పాస్‌పోర్టు కఫీల్ చేతికి పోవడం, మూడు నెలలు జీతం రాకపోవడం.. ఇలాంటివి మన ఇళ్లలో కొత్త కాదు. ప్రతి బస్తీలో ఒకరిద్దరైనా చెప్తారు. కానీ అదే కథ ఏజెంట్ వైపు నుంచి చూస్తే ఎట్లుంటుంది? పొద్దున లేచి ఆ మనిషి ఏం లెక్కలు వేసుకుంటాడు? బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ 2007లో తీసిన 'ఇట్స్ ఎ ఫ్రీ వరల్డ్' సినిమా మొత్తం ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. ఆ ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో పాల్ లావర్టీ రాసిన స్క్రీన్‌ప్లేకు అవార్డు వచ్చింది. బ్రిటన్‌లో టీవీలో ప్రసారమైంది, డీవీడీగానూ దొరుకుతుంది.

కథలో ప్రధాన పాత్ర యాంజీ (నటి కీర్‌స్టన్ వేరింగ్). లండన్‌లో ఉంటుంది, భర్త లేడు, కొడుకును తల్లిదండ్రుల దగ్గర ఉంచింది, నెత్తి మీద అప్పులు. ఒక రిక్రూట్‌మెంట్ కంపెనీ తరఫున పోలండ్ వెళ్లి కూలీలను ఎంపిక చేసే ఉద్యోగం ఆమెది. అసభ్యంగా ప్రవర్తించిన పైవాడి మీద తిరగబడినందుకు ఉద్యోగం పోతుంది. దాంతో స్నేహితురాలు రోజ్‌తో కలిసి సొంతంగా ఏజెన్సీ తెరుస్తుంది. ఆఫీసు లేదు, ఒక పబ్ వెనక ఖాళీ జాగాలో పొద్దున్నే కూలీలను నిలబెట్టి పేర్లు పిలిచి వ్యాన్లు ఎక్కించడమే. రిజిస్ట్రేషన్, పన్నులు తర్వాత చూసుకుందాం అనుకుంటారు. మన అడ్డా మీద కూలీలను చూసినవాళ్లకు ఈ దృశ్యం వేరే దేశంలా అనిపించదు.

అసలు అంతమంది కూలీలు లండన్‌కు ఎందుకొచ్చారు? 2004 మే 1న పోలండ్‌తో సహా పది దేశాలు యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. అందులో తూర్పు యూరప్ దేశాలు ఎనిమిది. అక్కడివాళ్లు తమ దేశాల్లో వెంటనే పనిచేసుకోవడానికి అప్పటి సభ్య దేశాల్లో బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే తలుపులు తెరిచాయి. మిగతావి కొన్నేళ్లు ఆపాయి. అందుకే పెద్ద సంఖ్యలో జనం బ్రిటన్ దారి పట్టారు. వీళ్లకు కనీసం కాగితాలున్నాయి. ఉక్రెయిన్ నుంచో, ఇరాన్ నుంచో వచ్చినవాళ్లకు అవి కూడా లేవు. కాగితాలున్న కూలీకి, లేని కూలీకి మధ్య ఉన్న ఈ తేడా మీదే ఏజెంట్ లాభం పెరుగుతుందని సినిమా చూపిస్తుంది.

ఏజెన్సీ లెక్క చాలా సాదాగా ఉంటుంది. ఫ్యాక్టరీవాడో, బిల్డర్‌వాడో మనిషికి ఇంత అని ఏజెన్సీకి ఇస్తాడు. ఏజెన్సీ తన వాటా పట్టుకుని మిగతాది కూలీకి ఇస్తుంది. యాంజీ ఇక్కడితో ఆగదు. ఇళ్లు అద్దెకు తీసుకుని, గదికి ఎంతమందిని పెట్టొచ్చో లెక్కేసి, అదే కూలీలకు తిరిగి అద్దెకిస్తుంది. అంటే కూలీ దగ్గర రెండు సార్లు వసూలు: ఒకసారి జీతంలో, ఇంకోసారి పడకలో. మొదట్లో ఆమె కాగితాలు లేనివాళ్లను పనిలోకి తీసుకోదు. అక్రమ కూలీలను పనిలో పెట్టుకున్నవాడు దొరికినా, అతనికి పడిన శిక్ష ఒక హెచ్చరిక ఉత్తరమేనని తెలిసిన రోజు ఆమె మనసు మారుతుంది. రిస్కు తక్కువ, లాభం ఎక్కువ. వ్యాపారం చేసేవాళ్లెవరికైనా ఆ లెక్క అర్థమవుతుంది, భయం కలిగించేది కూడా అదే.

ఇక చెల్లని చెక్కు ఘట్టం. ఈ సినిమాలో దీన్ని మించింది లేదు. యాంజీకి పని ఇచ్చిన కాంట్రాక్టర్ చెక్కు బౌన్స్ అవుతుంది. అతనికి పైవాడి నుంచి డబ్బు రాలేదట. యాంజీ కూలీలకు ఇవ్వలేదు. వారాల తరబడి చేసిన పని గాలిలో కలుస్తుంది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ముందు పనిచేసి తర్వాత జీతం తీసుకునేవాడు ఒకరకంగా యజమానికి అప్పు ఇస్తున్నట్టే. బ్యాంకు అప్పిస్తే తాకట్టు అడుగుతుంది, సరుకు అరువిచ్చేవాడు బిల్లు రాసుకుంటాడు. కూలీ మాత్రం తాకట్టు లేకుండా, సంతకం లేకుండా తన నెల రోజుల శ్రమను అరువిస్తాడు. గొలుసులో ఎక్కడ తెగినా మొదట మునిగేది అతనే. పైగా కాగితాలు లేనివాడు పోలీసు స్టేషన్‌కు కూడా పోలేడు, పోతే ముందు తననే పంపించేస్తారు. యాంజీ చేతికి కొంత డబ్బు వచ్చినప్పుడైనా కూలీల బాకీ తీర్చదు, వ్యాపారం నిలబెట్టుకోవడానికి వాడాలనుకుంటుంది. రోజ్ ఎంత చెప్పినా వినదు.

ఆమెను పూర్తిగా చెడ్డ మనిషిగా చూపించకపోవడమే లోచ్ గొప్పతనం. ఇరాన్ నుంచి పారిపోయి వచ్చి, భార్యాపిల్లలతో దాక్కుని బతుకుతున్న మహమూద్‌ను చూసి యాంజీ కరిగిపోతుంది. ఆ కుటుంబాన్ని ఇంటికి తీసుకెళ్తుంది, తిండి పెడుతుంది, అతనికి దొంగ పాస్‌పోర్టు ఇప్పించి పని చూపిస్తుంది. అదే యాంజీ తర్వాత తన కొత్త కూలీలకు చోటు కావాల్సి వచ్చినప్పుడు, మహమూద్ లాంటివాళ్లు తలదాచుకునే కారవాన్ల స్థలం గురించి ఇమిగ్రేషన్ అధికారులకు తానే ఫోన్ చేస్తుంది. జాలి ఉంది, నిజమే. కానీ ఆ జాలి లాభానికి అడ్డం రానంత వరకే. రోజ్ ఆ రోజే ఆమెను వదిలి వెళ్లిపోతుంది.

యాంజీ తండ్రి మనవడిని వెంటబెట్టుకుని ఒకసారి ఆమె పని చూడటానికి వస్తాడు. తర్వాత ఇద్దరికీ వాదన. ఇంత తక్కువకు పనిచేసేవాళ్లు బారులు తీరితే రేపు ఈ పిల్లాడికి ఏం జీతం మిగులుతుందని ఆయన బాధ. వీళ్లకు నేనే బతుకుదెరువు చూపిస్తున్నానని ఆమె జవాబు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ముసలాయన కోపంలో కూలీల మీద చిరాకు కూడా కనిపిస్తుంది, లోచ్ దాన్ని దాచలేదు.

అప్పటి చట్టం సంగతి చూద్దాం. 2004 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని మోర్‌కాంబ్ బే తీరంలో రాత్రిపూట ఆల్చిప్పలు ఏరుతున్న చైనా కూలీలు 20 మందికి పైగా సముద్రపు పోటులో కొట్టుకుపోయి చనిపోయారు. అదే ఏడాది కూలీ మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. కానీ అది వ్యవసాయం, చేపలు, ఆల్చిప్పలు, ఆహార ప్యాకింగ్ లాంటి పనులకే. బిల్డింగ్ పని చేసేవాళ్లకు ఆ లైసెన్సు రక్షణ లేదు. అక్రమంగా పనిలో పెట్టుకుంటే ఒక్కో కూలీకి సివిల్ జరిమానా అనే పద్ధతి 2008లో మొదలైంది, సినిమా వచ్చిన తర్వాత. అప్పుడు గరిష్ఠంగా 10 వేల పౌండ్లు. 2024 నుంచి మొదటి తప్పుకే 45 వేల పౌండ్ల దాకా.

మన దగ్గర 1983 ఎమిగ్రేషన్ చట్టం ఉంది. లైసెన్సున్న ఏజెంట్ అభ్యర్థి దగ్గర సర్వీస్ చార్జీ కింద 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. ఏజెంట్‌కు లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంట్‌కు ఈ చట్టం ప్రకారం గుర్తింపు లేదు. అయినా కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు డబ్బు చేతులు మారేది ఎక్కువగా అతని దగ్గరే, అదీ నోటిమాట మీద. 'ఆజాద్ వీసా' అంటే ఏ పనైనా చేసుకోవచ్చని చెప్తారు. అక్కడికి పోయాక వీసా పేరు మీదున్న కఫీల్‌కు ఏటా డబ్బు కట్టాలి, వేరేచోట పనిచేస్తూ పట్టుబడితే నేరం కూలీదే. ఈ సినిమా పేరులోని ఫ్రీ అన్న మాట కూడా సరిగ్గా అట్లాంటిదే.

బూతులు, పెద్దలకు మాత్రమే సరిపోయే ఘట్టాలు ఉన్నాయి కాబట్టి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూసేది కాదు. గంటన్నరే నిడివి. పాటలు, ఓదార్పు ఏమీ లేవు. విదేశానికి పోవడానికి డబ్బు సర్దుతున్న ఇంట్లో పెద్దవాళ్లు చూస్తే మాత్రం ఉపయోగం ఉంది.

జీతాలు రాని కూలీలు చివరికి ముసుగులేసుకుని యాంజీ ఇంట్లో చొరబడతారు. ఆమెను కట్టేసి, కొడుకు పేరు చెప్పి బెదిరించి, దొరికిన డబ్బు పట్టుకుపోతారు, మిగతా బాకీ కూడా కట్టాలంటారు. ఆమె ఎక్కడ తెస్తుంది? చివరి ఘట్టంలో యాంజీ ఉక్రెయిన్‌లో ఒక బల్ల ముందు కూర్చుని ఉంటుంది. ఎదురుగా ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు. వాళ్లలో ఒకామె ఫీజు డబ్బు తీసి ఇస్తుంది. యాంజీ తీసుకుంటుంది.