బార్ట్రమ్ దారికి చెట్టు సాక్ష్యం

విలియం బార్ట్రమ్ (1739–1823) అమెరికా తొలితరం ప్రకృతి శాస్త్రజ్ఞుల్లో ఒకడు. లండన్ వైద్యుడు జాన్ ఫాదర్‌గిల్ ఇచ్చిన డబ్బుతో 1773లో బయలుదేరి కరొలైనాలు, జార్జియా, ఫ్లోరిడా తిరిగి, మిసిసిపీ నది దాకా వెళ్లి మొక్కలూ గింజలూ సేకరించాడు. ఆ యాత్రాగ్రంథం 1791లో ఫిలడెల్ఫియాలో అచ్చయింది.

ఆ గ్రంథాన్ని పట్టుకుని అతని దారి వెతకాలంటే మొదటి చిక్కు దూరాలు. బార్ట్రమ్ మైళ్లను ఉన్నదానికంటే ధారాళంగా రాశాడు. అందుకే పరిశోధకులు అంకెలను వదిలి కదలని గుర్తులను పట్టుకున్నారు. సున్నపురాతిలోంచి ఉబికే ఊటలు చోటు మారవు. అతను వర్ణించిన అలాచువా పచ్చికబయలు నేడు ఫ్లోరిడాలోని పేన్స్ ప్రెయిరీ.

రెండో చిక్కు తేదీలు. ఇక్కడే ఒక చిన్న చెట్టు సాక్ష్యానికి వస్తుంది. 1765 అక్టోబరు 1న జార్జియాలో ఆల్టమహా నది దగ్గర తండ్రి జాన్, కొడుకు విలియం కొన్ని వింత పొదలు చూశారు. తరువాతి యాత్రలో విలియం మళ్లీ అక్కడికి వెళ్లేసరికి పొద నిండా తెల్లని పూలు, వాటితోపాటే పండిన కాయలు. ఒకే కొమ్మకు పువ్వూ, ముదురు కాయా ఎలా సాధ్యం? ఈ చెట్టు కాయ పండటానికి ఏడాది దాటుతుంది. నిరుటి పూత తాలూకు కాయ పక్వానికి వచ్చే వేళకు ఈ ఏటి పూలు విచ్చుకుంటాయి. పండిన కాయ పైనుంచీ కిందినుంచీ కూడా చీలి గింజలు రాలుస్తుంది. పూత వేసవి చివర మొదలవుతుంది. పుస్తకం ఆ రాకను వసంతానికీ వేసవి మొదటి భాగానికీ చెందిన తిరుగుడులో కలిపేసింది. చెట్టు మాత్రం అంత తొందరగా పూయదు.

చెట్టు రుతువు చెబుతుంది కానీ సంవత్సరం చెప్పదు. అది కాగితాలు చెప్పాలి. ఫాదర్‌గిల్‌కు బార్ట్రమ్ పంపిన నివేదికను 1943లో, యాత్రాగ్రంథాన్ని విస్తారమైన వ్యాఖ్యతో 1958లో వెలువరించిన ఫ్రాన్సిస్ హార్పర్ ఈ లెక్క తేల్చాడు. చెరోకీ తెగవారి ప్రాంతానికి 1775లో చేసిన ప్రయాణం పుస్తకంలో 1776 అయింది. 1777 జనవరిలో ఇల్లు చేరినవాడు 1778 జనవరిలో చేరినట్టు రాసుకున్నాడు. అంటే పూలు చూసింది 1776లో. పుస్తకాన్నే నమ్మి తేదీలు కట్టినవారంతా ఒక ఏడాది తప్పారు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీద ఫ్రాంక్లీనియా అయిన ఈ చెట్టును అడవిలో చివరిగా చూసినట్టు నమోదైంది 1803లో. నేడు తోటల్లో పెరిగేవన్నీ బార్ట్రమ్‌లు ఫిలడెల్ఫియాలో పెంచిన మొక్కల సంతతే. కాలానికి ఇంత గట్టి సాక్షి, తను పుట్టిన చోటికి మాత్రం సాక్షిగా మిగలలేదు.

విలియం బార్ట్రమ్ పేరుతో ఉత్తర కరొలైనా, జార్జియా కొండల్లో కాలిబాట ఉంది. అయితే అది అసలు దారిని సుమారుగానే అనుసరిస్తుంది. నడిచేవారికి అది చాలు, చరిత్రకు చాలదు.